డబ్బా తెచ్చుకోండి, నేను లైన్‌లోనే ఉంటాను

ఈ ఉద్యోగంలోకి తెలుగువాళ్లు వరసకట్టి వస్తారన్న భ్రమ నాకు లేదు. వీసా మీద ఉన్నవాళ్లని మా కంపెనీ ఎలాగూ తీసుకోదు. గ్రీన్‌కార్డు చేతికొచ్చినవాళ్లకి సాఫ్ట్‌వేర్ ఉండనే ఉంది. అయినా రాస్తున్నాను. ముక్కూ ముఖం తెలియని మనిషికి ఫోన్‌లో "అది ముట్టుకోకండి" అని చెప్పి ఒప్పించాల్సిన కుర్చీలు లోకంలో చాలా ఉన్నాయి. అలాంటి కుర్చీలో కూర్చోబోయేవాళ్లకి ఇందులో ఏదో ఒకటి పనికొస్తుంది.

నేను కాన్సస్‌లో ఒక చిన్న ఊళ్లో, తూటాల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో పనిచేశాను. మొదట కొన్నేళ్లు టెస్టింగ్ ల్యాబ్‌లో, ఆ తర్వాత రిటైరయ్యేదాకా కస్టమర్ల ఫోన్లు తీసే బల్ల దగ్గర. మమ్మల్ని ఆ ఊరికి చేర్చింది నా ఇంజనీరింగ్ చదువు కాదు. మా ఆవిడ సుజాత నర్సు. అక్కడి ఆసుపత్రికి నర్సులు దొరక్క ఆమెని గ్రీన్‌కార్డు ఇచ్చి పిలిపించుకున్నారు. ఆమె వెనకాల సూట్‌కేసులు మోసుకుంటూ నేను దిగాను. మాకు పిల్లలు లేరు. ఆ ఊళ్లో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. నా రిటైర్మెంట్‌కి కొన్నేళ్ల ముందు సుజాత జబ్బు చేసి పోయింది.

సుజాత తమ్ముడు కిరణ్ టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాడు. ఒకసారి వాళ్లింట్లో పార్టీకి వెళ్తే ఎవరో కుర్రాడు "మీరేం చేస్తారంకుల్?" అని అడిగాడు. ఉన్నమాట చెప్పాను. సోఫాల చుట్టూ కబుర్లు ఆగిపోయాయి. కిరణ్ నన్ను వంటింట్లోకి తీసుకెళ్లి, "బావా, జస్ట్ కస్టమర్ సపోర్ట్ అని చెప్పేయ్, చాలు. డీటెయిల్స్ ఎందుకు? అందరూ స్కూల్‌కెళ్లే పిల్లలున్న వాళ్లు," అన్నాడు. వాడి మాటలో తప్పులేదు. ఈ దేశంలో తుపాకీ అనగానే జనానికి ఏమేం గుర్తొస్తాయో నాకూ అవే గుర్తొస్తాయి. నేను వేటకి వెళ్లినవాణ్ని కాదు, ఇంట్లో తుపాకీ పెట్టుకున్నవాణ్నీ కాదు. ఎలాగూ కాల్చేవాళ్లు కాలుస్తారు, వాళ్ల కళ్లూ వేళ్లూ వాళ్లకి మిగలాలి అన్నంతవరకే నా ఉద్యోగమని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. కానీ ఆ రోజు తర్వాత పార్టీల్లో కస్టమర్ సపోర్ట్ అనే చెప్పాను.

కందిగింజంత వస్తువు

తూటా అంటే ఒక ఇత్తడి గొట్టం, అందులో మందు, మూతి దగ్గర గుండు. గొట్టం అడుగున కందిగింజంత లోహపు టిక్కీ ఒకటి ఉంటుంది. అదే ప్రైమర్. తుపాకీ లోపలి పిన్ను దాన్ని కొట్టగానే నిప్పు పుట్టి మందు అంటుకుంటుంది. కాల్చాక మిగిలిన ఇత్తడి గొట్టాన్ని పారేయకుండా, మళ్లీ మందు పోసి, గుండు పెట్టి, కొత్త ప్రైమర్ బిగించి తూటా తయారుచేసుకునేవాళ్లు అమెరికాలో ఊరూరా ఉన్నారు. దీన్ని రీలోడింగ్ అంటారు. మాకు ఫోన్ చేసేది వీళ్లే. ఎక్కువమంది పెద్దవయసు మగవాళ్లు. గరాజ్‌లోనో బేస్‌మెంట్‌లోనో ఒక బల్ల, దాని మీద ఒక దీపం, పక్కన రేడియో.

వాళ్లందరూ మొదట అడిగే ప్రశ్న ఒకటే. ఏ ప్రైమర్ మంచిది? దానికి జవాబు లేదు. పిస్టల్ ప్రైమరూ రైఫిల్ ప్రైమరూ చూడ్డానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి. కానీ పిస్టల్‌దానికి రేకు పలచన. రైఫిల్ ఒత్తిడికి అది చిల్లుపడితే వేడిగాలి కంటివైపు తన్నుతుంది. మాగ్నమ్ అని ఇంకో రకం ఉంది, దానికి మంట ఎక్కువ. గడ్డకట్టే చలికీ, పెద్ద గొట్టాలకీ, నిదానంగా మండే మందుకీ అది కావాలి. మామూలు దాని బదులు దాన్ని పెట్టేసి మందు మాత్రం అంతే పోస్తే ఒత్తిడి హద్దు దాటవచ్చు. కొన్ని పాత మిలిటరీ తరహా రైఫిళ్లలో తూటా లోపలికి వెళ్తూ ఉండగానే పిన్ను ప్రైమర్‌ని తాకుతుంది. వాటికి గట్టి రేకున్నదే వాడాలి, లేకపోతే తుపాకీ వెనకభాగం పూర్తిగా మూసుకోకముందే పేలుతుంది. అందుకని మేం తిరిగి అడిగేవాళ్లం. ఏ తుపాకీ, ఏ మందు, ఏ గుండు? వాటికి కంపెనీ అచ్చువేసిన కొలతల పుస్తకంలో ఏ ప్రైమర్ రాసి ఉంటే అదే. వీటిలో ఏ ఒక్కటి మారినా మందు తగ్గించి, మొదటినుంచి కొంచెం కొంచెం పెంచుకుంటూ రావాల్సిందే. పెళ్లికి ముందునుంచీ చేస్తున్నానన్న అనుభవం దానికి అడ్డం రాదు.

రోండా

మా పై అధికారి పేరు రోండా. నేను ల్యాబ్ నుంచి వచ్చిన కొత్తలో నా పక్కనే కూర్చుని నా ఫోన్లన్నీ వినేది. ఆవిడ నాకు నేర్పినవి రెండే. మొదటిది, "పర్వాలేదనుకుంటాను" అన్న మాట ఈ లైన్ మీద వినబడకూడదు. తెలిస్తే చెప్పు, తెలియకపోతే తెలియదను. రెండోది, ఎవరు ఎంత తెలిసినట్టు మాట్లాడినా సరే, లేచివెళ్లి ప్రైమర్ డబ్బా తెచ్చుకుని దాని మీద ఉన్నది ఉన్నట్టు చదవమను. వాళ్లు తెచ్చేదాకా నువ్వు లైన్‌లోనే ఉండు.

రెండోది నాకు మొదట్లో అతిగా అనిపించింది. పెద్దవాళ్లని పట్టుకుని పలక తెచ్చి చదవమన్నట్టుండేది. అప్పుడు ఒకాయన ఫోన్ చేసి, తన రైఫిల్ ప్రైమర్లు సరిగ్గా కూర్చోవడం లేదని, మా తయారీలోనే లోపముందని నామీద విరుచుకుపడ్డాడు. డబ్బా తెమ్మన్నాను. ఒళ్లు మండిపోయి, గొణుక్కుంటూ వెళ్లి తెచ్చాడు. "లార్జ్..." అని మొదలుపెట్టి ఆగాడు. మళ్లీ చదువుకుని, "పిస్టల్," అన్నాడు. ఆ తర్వాత గొంతు బాగా తగ్గించి, "ఇది మా ఆవిడ దాకా వెళ్లదు కదా?" అన్నాడు. ఆ రోజు నుంచి డబ్బా తెమ్మనడానికి నేను మొహమాటపడలేదు.

నా పక్క బల్ల దగ్గర టాడ్ అని ఒకతను ఉండేవాడు. నాకంటే బాగా చదువుకున్నవాడు, సరదా మనిషి. ఫోన్ చేసినవాళ్లు అతన్నే అడిగి మరీ మాట్లాడేవాళ్లు. ఒకాయన మామూలు ప్రైమర్ దొరక్క మాగ్నమ్ పెట్టుకోవచ్చా అని అడిగితే, మందు తగ్గించి మొదటినుంచి రమ్మని చెప్పకుండా, పర్వాలేదులెండి అనేశాడు. ఆయన తుపాకీ బిగుసుకుపోయి, ప్రైమర్ చిల్లుపడి, మొహమంతా గీరుకుపోయింది. కళ్లజోడు ఉండబట్టి చూపు దక్కింది. టాడ్‌కి తెలియక కాదు. ఎదుటివాళ్ల ఉత్సాహం చల్లార్చడం అతనికి చేతకాదు, అందరిచేతా మంచివాడనిపించుకోవాలన్న యావ. ఈ పనిలో తెలివితక్కువతనం కంటే అది ప్రమాదం. మీకు ఆ యావ ఉంటే వేరే బల్ల చూసుకోండి.

నా యాస విని కొంతమంది, "ఏ బెంగుళూరులో కూర్చున్నావు? అమెరికావాణ్ని ఇవ్వు," అనేవాళ్లు. కాన్సస్ అంటే నమ్మేవాళ్లు కాదు. ఒకాయన నన్ను పరీక్షించడానికి కిటికీలోంచి ఏం కనబడుతోందని అడిగాడు. గోధుమలు నిలవచేసే గాదెలు, వాటి వెనక రైలు, అని చెప్పాను. "సరే, నమ్మాను," అని ప్రైమర్ సంగతికి వచ్చాడు. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, ఏళ్ల తరబడి ఉన్న ఊళ్లో ఉన్నానని రుజువు చేసుకోవడం మనిషిని అలసగొడుతుంది.

ఇక డబ్బా కోసం వాళ్లు ఫోన్ పక్కన పెట్టి వెళ్లినప్పుడు నా చెవిలో మిగిలేది వాళ్ల ఇల్లు. మెట్లు కిర్రుమనడం, నేల మీద కుక్క గోళ్లు, టీవీలో వాతావరణం. ఇంకో మనిషి ఉన్న ఇళ్లలో "ఆ డబ్బా ఎక్కడ పెట్టావు?" అన్న అరుపు వినబడుతుంది. ఒంటరివాళ్ల ఇళ్లలో మనిషి తనలో తాను మాట్లాడుకోవడం వినబడుతుంది. కొన్నాళ్లకి ఎవరు ఒంటరివాళ్లో నేను డబ్బా రాకముందే పోల్చుకునేవాణ్ని. చాలామందికి జవాబు ముందే తెలుసని, ఎవరో ఒకరు అవునంటే వినాలని ఫోన్ చేస్తున్నారని కూడా అర్థమైంది. అలాంటి ఫోన్లని రోండా ఎప్పుడూ త్వరగా ముగించమనలేదు.

సీసా చప్పుడు

కోవిడ్ తర్వాత షాపుల్లో ప్రైమర్లు మాయమైన రోజులవి. సుజాత పోయి ఇంకా ఏడాది తిరగలేదు. వేట సీజన్‌కి ముందు డేల్ అని ఒకాయన మోంటానా నుంచి ఫోన్ చేశాడు. అతనూ, అన్న రాయ్ ఏటా శీతాకాలం మొదట్లో ఒకే కొండకి జింకల వేటకి వెళ్లేవారట. ఆ వసంతంలో రాయ్ పోయాడు. ఈసారి డేల్ ఒక్కడే వెళ్లాలి. రాయ్ రైఫిల్, రాయ్ గరాజ్‌లో మిగిలిన సామాన్లతో చేసిన తూటా పట్టుకుని వెళ్లాలి.

"అంతా వాడిదే అయి ఉండాలి," అన్నాడు. "ప్రైమర్లు కూడా ఉన్నాయి. అవి ఏ రకమో తెలియక నీకు చేశాను."

"డబ్బా తెచ్చుకోండి. నేను లైన్‌లోనే ఉంటాను."

అడుగులు దూరమయ్యాయి. గోడ గడియారం ఒకటి గట్టిగా కొట్టుకుంటోంది. ఇంకెవరి మాటా లేదు. అడుగులు తిరిగొచ్చాయి.

"డబ్బా లేదు. జామ్ సీసాలో పోసి పెట్టాడు. చాలా ఉన్నాయి. ఇదిగో, విను."

గలగలమని చప్పుడు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. కొత్త ప్రైమర్లని గుంటల పళ్లెంలో, ఒక్కోదాన్ని ఒక్కో గుంటలో పెట్టి అమ్మేది ఊరికే కాదు. కుప్పగా ఉన్నప్పుడు ఒకటి పేలితే పక్కవన్నీ దానితో పేలతాయి. అతను ఆ కుప్పని గాజు సీసాలో పెట్టి చెవి పక్కన ఆడిస్తున్నాడు.

"డేల్, దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టండి."

"పెట్టాను."

"చెయ్యి తీసేయండి."

"తీశాను. ఏంటి, గొంతు అలా అయిపోయింది నీకు?"

చెప్పాను. వెనక్కి జరిగి నిలబడమన్నాను. అతనికి కోపం వచ్చింది.

"రాయ్ తెలివితక్కువవాడు కాదు."

"కాదు. చివర్లో ఆయన చూపు ఎలా ఉండేది?"

గడియారం కొట్టుకుంటూనే ఉంది. "ఉత్తరాలు కూడా నేనే చదివిపెట్టేవాణ్ని," అన్నాడు డేల్. డబ్బాల మీద అక్షరాలు కనబడక, అక్కడక్కడా మిగిలినవన్నీ ఆ పెద్దాయన ఒకే సీసాలోకి ఎత్తేశాడన్నమాట. రీలోడింగ్ చేసేవాళ్లు చేసే తప్పుల్లో నాకు అన్నిటికన్నా భయం అదే. పొదుపు చేస్తున్నామనుకుంటారు.

"సైజు కొలిచి వేరుచేసుకుంటాను. రంగు చూస్తాను," అన్నాడు.

"రేకు మందం కంటికి కనబడదు. డబ్బాలోంచి బయటికొచ్చాక అది ఏ రకమో మేం చేసినవైనా మేమే చెప్పలేం. వాటిని వాడకూడదు. షెరీఫ్ ఆఫీసుకి ఫోన్ చేయండి, వాళ్లొచ్చి తీసుకెళ్తారు. అప్పటిదాకా ఆ సీసా ముట్టుకోకండి."

"అయితే ఇక వాడిది ఏం మిగిలినట్టు?"

నా ఇంట్లో కూడా అదే ప్రశ్న తిరుగుతోంది. గరాజ్‌లో ఇంకా ఏమేం ఉన్నాయో ఒక్కోటీ తెచ్చి చదవమన్నాను. రాయ్ చివర్లో చేసిపెట్టిన తూటాలు కూడా ఉన్నాయన్నాడు. అవీ వద్దన్నాను. ఇత్తడి గొట్టాలు బాగున్నాయి. గుండ్లు వాటి పెట్టెలోనే ఉన్నాయి. మందు డబ్బా సీలు తీయకుండా ఉంది, పేరు చదివాడు, పుస్తకంలో చూశాను, సరిపోయింది. రాయ్ రైఫిల్ ఏ రకమో చెప్పాడు. ఆ పాత తరహా పిన్ను ఉన్నదే. దానికి గట్టి రేకు ప్రైమరే కావాలి.

"అన్నీ ఆయనవే," అన్నాను. "ప్రైమర్ ఒక్కటే కొత్తది. ఎవరి తూటాకైనా అది కొత్తది రావాల్సిందే, డేల్."

షాపుల్లో ఎక్కడా లేవన్నాడు. అది నిజమే. సాయంత్రం మళ్లీ చేయమని అతనికి చెప్పి, మధ్యాహ్నం భోజనం మానేసి, నా సొంత ఫోన్‌లోంచి అతని చుట్టుపక్కల ఊళ్ల షాపులకి ఫోన్లు చేశాను. ఒక షాపులో సరైన రకం ఒక్క డబ్బా ఉంటే పక్కన పెట్టించాను. సాయంత్రం అతను చేసినప్పుడు అది చెబితే, డేల్ "చూద్దాం," అని ఫోన్ పెట్టేశాడు.

ఫోన్ పెట్టేశాక

కొత్తవాళ్లకి ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఇది. ఫోన్ పెట్టేశాక ఏమైందో మీకు తెలియదు. మేం కస్టమర్లకి తిరిగి ఫోన్ చేయకూడదు. మాట విన్నవాడూ చేయడు, విననివాడూ చేయడు.

సుజాత ఉన్నప్పుడు ఈ బరువు సగం ఆమె మోసేది. అన్నం తింటూ, "ఇవాళ ఎవరొచ్చారు ఫోన్‌లో?" అని అడిగేది. ఆసుపత్రిలో ఆమెకీ అంతే, డిశ్చార్జి అయిన మనిషి ఏమయ్యాడో తెలిసేది కాదు. ఇద్దరం తెలియనివాళ్ల గురించి తెలిసినవాళ్లలా మాట్లాడుకునేవాళ్లం. ఆ శీతాకాలం వంటింట్లో నిలబడి "డేల్ ఏం చేశాడో" అని పైకే అనేశాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. నేను భయపడుతున్నాను, ఆ భయం చెప్పుకోవడానికి మనిషి లేడు. అంతే సంగతి.

కిరణ్‌కి ఫోన్ చేశాను. "బావా, నువ్వు చెప్పాల్సింది చెప్పావ్ కదా. లయబిలిటీ నీది కాదు, కాల్ రికార్డ్ అయ్యుంటుంది. ఎక్కువ ఆలోచించకు. లాంగ్ వీకెండ్‌కి డ్రైవ్ చేసి వచ్చేయ్, బిర్యానీ చేద్దాం," అన్నాడు. ప్రేమగానే అన్నాడు. నేను సరేనన్నాను, వెళ్లలేదు.

వేట సీజన్ అయిపోయాక ఒక ఉదయం రోండా ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, "కాన్సస్‌లో ఉండే ఇండియావాడు కావాలట," అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

డేల్ ఆ షాపుకి వెళ్లి డబ్బా తెచ్చుకున్నాడు. షెరీఫ్ మనుషులు ఇద్దరొచ్చి సీసాని పసిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకెళ్లారట. "మా అమ్మ జామ్ పెట్టిన సీసా అది. తిరిగిస్తారా అని అడిగితే నవ్వారు."

"జింక కనబడిందా?"

"కనబడింది. దాన్ని వదిలేశాను. కొండకేసి ఒక్కటి కాల్చి వచ్చేశాను. వాడు కాల్చినట్టే మోగింది." మళ్లీ అతనే, "నీకు చెప్పాలనిపించింది. ఇంకెవరికి చెప్పను?" అన్నాడు.

ఆ తర్వాత అతను ప్రైమర్ల గురించి అడుగుతున్నట్టు అప్పుడప్పుడూ ఫోన్ చేసేవాడు. నేను రిటైరైన రోజు నా ఇంటి నంబరు ఇచ్చాను. ఇప్పుడు ఆదివారాలు మాట్లాడుకుంటాం. ఒకరినొకరం చూసుకోలేదు.

పేరు లేని సీసా

మన తెలుగువాళ్ల వంటింట్లో కాఫీ సీసాలో కాఫీ ఒక్కటి తప్ప అన్నీ ఉంటాయి. సుజాతా అంతే. ఊరందరి చేతా డబ్బాల మీద పేర్లు చదివించి ఇంటికొచ్చి, నేను జీలకర్ర కోసం కాఫీ సీసా తీసేవాణ్ని. పేర్లు రాయమని పోరేవాణ్ని. "నాకు తెలుసుగా, చాలదూ?" అనేది.

ఆమె పోయాక ఆ తెలిసినది కూడా పోయింది. కొన్ని వాడాను, కొన్ని పురుగుపట్టి పారేశాను. చివరికి ఒక పీనట్ బటర్ సీసా మిగిలింది. అడుగున ఎర్రమట్టి రంగు పొడి కొంచెం. ఆమె చేత్తో కొట్టినవాటిలో అదే ఆఖరు. సాంబారు పొడో, కూరకారమో, కందిపొడో తెలియదు. మూత తీస్తే ఆ ఉన్న కాస్త వాసనా పోతుందేమోనని ఇన్నేళ్లూ తీయలేదు. నా నియమం ప్రకారం అది ఎప్పుడో చెత్తబుట్టలో పడాలి.

పోయిన ఆదివారం ఏదో మాటల్లో ఈ సంగతి డేల్‌తో అన్నాను. అతను నవ్వలేదు.

"తెచ్చుకో. నేను లైన్‌లోనే ఉంటాను," అన్నాడు.

ఫోన్ బల్ల మీద పెట్టి వంటింట్లోకి నడిచాను. నా ఇల్లు అటువైపు ఎలా వినబడుతుందో అప్పుడే మొదటిసారి తోచింది. ఫ్రిజ్ రొద, నా చెప్పుల చప్పుడు. సీసా పైఅరలో వెనక్కి ఉంది. పట్టుకుని వచ్చి ఫోన్ తీశాను.

"ఎవరితోనో మాట్లాడావు నువ్వు," అన్నాడు డేల్.

"అవునా? అలవాటు."

"నాకూ ఉందిలే. సరే, దాని మీద ఏం రాసుందో చదువు."

"పీనట్ బటర్."

ఈసారి నవ్వాడు. "నీ రూలు నాకు బాగా తెలుసు. పేరు లేనిదాన్ని వాడకూడదు. కానీ ఇది పేలేది కాదు కదా. మూత తియ్యి."

మూత బిగుసుకుపోయి ఉంది. చీరచెంగు ఉంటే దాంతో పట్టి తీసేది ఆమె. నేను చొక్కా అంచుతో పట్టి తిప్పాను. ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను. వేయించిన ధనియాలు, మిరియాలు, అడుగున ఎక్కడో ఇంగువ. చారుపొడి. ఆమె డ్యూటీ దిగి వచ్చి, యూనిఫాం మార్చుకోకుండానే పొయ్యి మీద పెట్టే చారు.

పేరు చెబుదామని నోరు తెరిచాను. మళ్లీ ఒకసారి వాసన చూశాను. అటువైపు గోడ గడియారం వినబడుతోంది. డేల్ ఏమిటని అడగలేదు, ఉన్నావా అని అడగలేదు. చాలాసేపటి తర్వాత, "తొందరేం లేదు," అన్నాడు. "నేను లైన్‌లోనే ఉన్నాను."